నీలి అట్ట పుస్తకం

కొత్తగూడెంలో నన్ను ఎరిగినవాళ్లలో సగం మంది నన్ను బుక్కు చందూలాల్ అంటారు. నేను చేపల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం చదివి, మా సారు ఇంట్లో కొట్టుకు చస్తున్న చేపల్ని దారికి తెచ్చానని ఆ పేరు వచ్చింది. పదిహేడేళ్లయినా పోలేదు. మొన్న కాలేజీ వార్షికోత్సవంలో కూడా ప్రిన్సిపాలు ఆ సంగతి మైకులో చెప్పి, "చదువు విలువ చూడండి" అని పిల్లల చేత చప్పట్లు కొట్టించాడు. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను కూడా.

ఆ పుస్తకం లేదు. ఎప్పుడూ లేదు. చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చిన రాత్రి అన్నం సయించలేదు. అందుకే రాస్తున్నాను.

ఎనభై ఒకటి ఎండాకాలం నాటి మాట. నేను వెంకటరామారావు సారు జూనియర్ కాలేజీలో అటెండర్ని. సారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ముందు సత్తుపల్లి దగ్గర పొగాకు పండించి, తర్వాత కొత్తగూడెంలో కాలేజీ పెట్టారు. మాది రూప్లా తండా. రూప్లా మా తాతే. తండాలో ఇంటర్ పాసైన మొదటివాణ్ని నేను, అదీ బైపీసీ. జువాలజీ లాబ్ అసిస్టెంట్ పోస్టు ఖాళీగా ఉంది. అది నాకు కావాలి. అడిగినప్పుడల్లా సారు "చూద్దాంలే" అనేవారు. ఆ చూద్దాంలే మీద నేను ఏడాదిన్నర బతికాను.

సారు ఇంటి ముందు హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి ఉండేది. అందులో మద్రాసు నుంచి తెప్పించిన చేపలు. "సిక్లిడ్ జాతయ్యా ఇవి" అనేవారు సారు, ఆ మాట అనేటప్పుడు ఆయన మెడ కొంచెం నిక్కేది. ఎర్ర చేపల్లాగా నోరు తెరుచుకుని అటూ ఇటూ తిరిగే సాధు రకం కావు. ఒక జాగా పట్టుకుని, అందులోకి ఎవరొచ్చినా పీకి పెట్టే రకం. వాటిల్లో ఒకటి జానెడు పొడుగు, నల్లటి ఒళ్లు, మీద నీలం చుక్కలు. ఇంగ్లీషులో దానికి ఎవరో బాక్సరు పేరు పెట్టారట. ఇంట్లో అందరం నల్లోడు అనేవాళ్లం.

తొట్టి పని నాకు అప్పజెప్పి, వెనక పెరట్లో ఉండటానికి ఒక గది ఇచ్చారు. మొదటి నెల నేను మురికి నీళ్లన్నీ ఒకేసారి తోడిపోసి, బ్లీచింగ్ వాసన కొట్టే పంపు నీళ్లు నింపాను. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి, నల్లోడు తప్ప మిగతా రెండూ చచ్చాయి. అప్పట్నుంచి పెరట్లో రెండు డ్రమ్ములు పెట్టి, నీళ్లు రెండు రోజులు నిలవ ఉంచి, వారానికి రెండుసార్లు పావు వంతే మార్చేవాణ్ని. కార్జం ముక్కలు వేస్తే పది నిమిషాల్లో మిగిలినవి ఏరేసేవాణ్ని. కరెంటు పోయి గాలి మోటారు ఆగితే, చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తూ నిలబడేవాణ్ని. అలా నీళ్ల సంగతి ఒంటబట్టింది. కొట్లాట సంగతే చేతకాలేదు.

కొత్త చేపలు ఎన్ని తెచ్చినా నల్లోడు బతకనివ్వలేదు. మొదటిసారి నాలుగు, రెండోసారి నాలుగు. పొద్దున చూస్తే తోకలు చీలి, పొలుసులు లేచిపోయి, మూలకు తేలి ఉండేవి. తిండి ఎక్కువ పెట్టి చూశాను. నడుమ గాజుపలక అడ్డం పెట్టి వారం ఉంచాను. పలక తీసిన మధ్యాహ్నమే రెండింటిని చంపాడు. "మన నీళ్లు పడట్లేదేమో సార్" అని నెపం నీళ్ల మీదికి తోశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

సారుకు కోపం వచ్చింది. "ఇదిగో చందూలాల్, మూడోసారి తెప్పిస్తున్నా. ఆరు చేపలు. వచ్చే ఆదివారం పొద్దుట బండికొస్తాయి. ఇవి బతికాయా, జూన్‌లో లాబ్ అసిస్టెంట్ పోస్టు నీదే. ఇవీ చచ్చాయనుకో, నాలుగు చేపల్ని కాపాడలేనివాడు పిల్లలకి కప్పల్నేం కోసి చూపిస్తాడు? ఇంకోణ్ని చూసుకుంటా" అన్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆయనకు అది సరదా తొట్టి. నా బతుకు అందులో ఈదుతోంది.

ఆ వారమే మా యాడి వచ్చింది. అమ్మను మేం యాడి అంటాం. పేరు ద్వాలి. కట్టెలకు పోతే కాల్లో ముల్లు దిగి చీము పట్టింది. దవాఖానాలో రెండు వారాలు రోజూ కట్టు మార్చాలన్నారు, అందుకని నా గదిలో ఉండటానికి వచ్చింది.

నిజం చెప్తున్నాను, ఆమె బస్సు దిగుతుంటే నాకు మొదట కలిగింది సంతోషం కాదు. అద్దాల లంగా, భుజం దాకా తెల్ల గాజులు, చెంపల మీద వేలాడే వెండి బిళ్లలు, నడిస్తే గలగల. బస్టాండులో ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారా అని చుట్టూ చూశాను. ఇంటికి తీసుకెళ్లాక మొదటి మాట ఇదే అన్నాను:

"యాడీ, ముందు హాల్లకు రాకు. ఆళ్లేమన్న అనుకుంటరు."

"ఏమనుకుంటరు?" అంది.

ఆమె నా మొహం చూసి, "సరే బేటా, రానులే" అంది. మేం మాట్లాడుకునేది మా బాసలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

శుక్రవారం సారు, వాళ్లావిడ పద్మావతమ్మ గారు, పిల్లలూ అందరూ భద్రాచలం కల్యాణానికి వెళ్లారు. ఆదివారం సాయంత్రం గానీ రారు. ఇల్లు నా మీద వదిలేశారు. ఎవరూ లేరు కదా అని శనివారం యాడిని హాల్లోకి తీసుకొచ్చాను. అదీ నా పెద్దరికం.

ఆమె తొట్టి ముందు నేల మీద కూర్చుందో లేదో, నల్లోడు కుండపెంకు చాటు నుంచి దూసుకొచ్చి గాజుకు మూతి కొట్టాడు. చెంపలు ఉబ్బించి, రెక్కలు నిక్కించి మళ్లీ మళ్లీ కొట్టాడు. యాడి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. తర్వాత నవ్వింది.

"నన్ను గాదురా. నా లంగా మీది అద్దాన్ని జూసి ఎగురుతుండు. అండ్ల కనపడేది వాడే."

లంగా అంచు చేత్తో పట్టుకుని, ఒక అద్దాన్ని గాజుకు ఆనించి, బెత్తెడు బెత్తెడు పక్కకు జరుపుతూ పోయింది. నల్లోడు ఆ అద్దం వెంబడే కొట్టుకుంటూ వచ్చాడు. నడుమ ఒక బల్లపరుపు రాయి ఉంది. అక్కడి దాకా వచ్చి ఆగాడు. అద్దం రాయి దాటగానే వెనక్కి తిరిగిపోయాడు. యాడి మళ్లీ ఈ పక్కకు తెచ్చింది, మళ్లీ వచ్చాడు. పైకి, కిందికి, వెనకపక్కకు, కాలు నొప్పిని కూడా మరిచి తొట్టి చుట్టూ పాకుతూ అద్దం పెట్టి చూసింది.

"ఇగో, గీ బండ దాకనే వానిది. గా పెంకు వాని ఇల్లు. ఆవల ఎవడు సచ్చినా వానికి పట్టది."

ఏడాదిన్నర ఆ తొట్టి ముందు నిలబడ్డాను. వాడి పొలం గట్టు ఎక్కడుందో నాకు తెలియదు. ఆమెకు పావుగంట పట్టింది.

"రేపు కొత్తయి ఆరొస్తున్నయి యాడీ. అయి బతికితేనే నాకు కొలువు. వీడు బతకనియ్యడు."

"ఎందుకు బతకనియ్యడు? సంతల కొత్త ఎద్దును కొనుక్కొస్తే మీ బాపు ఏం జేస్తుండె? మర్చినవా?"

మరిచిపోయాను. ఆమె అడిగాక గుర్తొచ్చింది. మా కొట్టంలోకి కొత్త పశువు వచ్చిందంటే, ముందు పాతవాటినన్నిటినీ బయటికి తోలేవాళ్లం. గుంజలన్నీ పీకేవాళ్లం. కొట్టం ఊడ్చి, కొత్త చోట్ల గుంజలు పాతి, ముందు కొత్తదాన్ని కట్టేవాళ్లం. తర్వాత పాతవి ఒక్కొక్కటి. అన్నిటికంటే పొగరుబోతు ఎద్దు ఆఖరున. అది లోపలికి వచ్చేసరికి దాని గుంజ దాని చోట ఉండదు. చిన్నప్పుడు ఆ గుంజలు పీకింది నేనే. చేతులు బొబ్బలెక్కేవి. పశువుల కొట్టం సంగతి ఈ నాపరాళ్ల హాల్లో పనికొస్తుందని నాకు ఎన్నడూ తట్టలేదు.

"పాతోడు పాత జాగల ఉన్నన్ని దినాలు కొత్తోడు దొంగనే బేటా. జాగ మారిస్తే అందరూ కొత్తోళ్లే. ఇంక నడుమ తడికె గట్టాలె, కండ్లల్ల కండ్లు పడకుంట. ఆర్గురిని ఒక్కసారే ఇడువు. ఒక్కడుంటే వాన్నే పొడుస్తడు. ఆర్గురుంటే ఎవన్నని పొడుస్తడు?"

ఆదివారం పొద్దున స్టేషనుకు పోయి థర్మాకోల్ పెట్టె తెచ్చాను. ఆరు చేపలు, ఒంటి మీద నల్ల చారలు, ఒక్కొక్కటీ ఒక్కో ప్లాస్టిక్ సంచిలో. నల్లోణ్ని జాలీతో పట్టి బకెట్లో వేశాను. వాడు నీళ్లు చిమ్మి నా చొక్కా తడిపాడు. తొట్టిలో రాళ్లన్నీ, పెంకులన్నీ బయటికి తీశాను. యాడి చెప్తోంది, నేను పెడుతున్నాను. నేను పెట్టింది ఆమెకు నచ్చలేదు. నన్ను పక్కకు జరగమని, తనే నీళ్లలో చేతులు పెట్టింది. కిన్నెరసాని వాగు నుంచి తెచ్చిన రాళ్లలో నిటారుగా ఉన్నవి మూడు ఏరి, తడికెలాగా నడుమ నిలబెట్టింది. చిన్న కుండలు పగలగొట్టించి, మూలమూలకు ఒక పెంకు బోర్లించింది. ఏడు చేపలకు తొమ్మిది ఇళ్లు. "రెండు ఎక్కువనే ఉండాలె. ఓడినోడు దాక్కుంటందుకు" అంది. తెల్ల గాజులు మోచేతి దాకా తడిసి, నీళ్లు కారి నేలంతా మడుగైంది.

కొత్తవాటిని సంచులతో సహా కాసేపు నీళ్ల మీద తేలనిచ్చి, మెల్లగా వదిలాం. రెండు గంటల తర్వాత నల్లోణ్ని వదిలాం. వాడు నేరుగా తన పెంకు ఉండే చోటికి పోయాడు. అక్కడ పెంకు లేదు. వెనక్కి తిరిగాడు, పైకి పోయాడు, గాజు వెంబడి తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఒళ్లంతా బూడిద రంగుకు పాలిపోయింది. పక్క నుంచి ఒక చారల చేప పోతే పక్కకు తప్పుకున్నాడు. ఏడాదిన్నరలో వాడు తప్పుకోవడం నేను చూడలేదు.

"పాపం" అంది యాడి. వాడు ఎనిమిది చేపల్ని చంపాడని చెప్పాను. "అయితేంది, వాడు మాత్రం ఏం జేస్తడు" అంది.

సాయంత్రం సారు వాళ్లు వచ్చే వేళకు యాడిని గదిలోకి పంపేసి, నేల మీద నీళ్లు తుడిచాను. తడి పాదాల గుర్తులు కూడా తుడిచాను.

మూడు రోజులు గడిచాయి. తరుముకోవడాలు ఉన్నాయి, ఒకటి రెండు తోకలు కొసన చిరిగాయి, అంతే. నల్లోడు కుడి మూల చిన్న పెంకు పట్టుకుని దాని ముందే తిరుగుతున్నాడు. బుధవారం సారు తొట్టి ముందు చాలాసేపు నిలబడి, నన్ను పిలిచారు. యాడి పెరటి గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. పద్మావతమ్మ గారు మజ్జిగ ఇస్తే తాగుతోంది. ఆ గుమ్మంలోంచి హాలు కనపడుతుంది, మాట వినపడుతుంది.

"ఎలా చేశావయ్యా?" అన్నారు సారు.

నేను చెప్పాను. రాళ్లు మార్చడం, కొత్తవాటిని ముందు వదలడం, పాతదాన్ని ఆఖరున వదలడం, నడుమ చాటు పెట్టడం. సారు కళ్లు పెద్దవయ్యాయి.

"భలే ఉందే! ఎవరు చెప్పారు నీకు?"

మెట్టు మీద గాజుల చప్పుడు ఆగింది. ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. మా యాడి చెప్పింది సార్ అంటే అయిపోయేది. సారు నవ్వేవారేమో. ఏమో, మెచ్చుకునేవారేమో కూడా. నేను అది తెలుసుకునే పని పెట్టుకోలేదు.

"పుస్తకంల చదివిన సార్" అన్నాను.

"ఏం పుస్తకం?"

"చేపల మీద ఇంగ్లీషు పుస్తకం సార్. ఖమ్మంల పాత పుస్తకాల కాడ దొరికింది."

సారు నన్ను కింది నుంచి పైదాకా కొత్తగా చూశారు. పక్కనున్న కుర్చీ చూపించి, "కూర్చో" అన్నారు. ఏడాదిన్నరలో ఆ ఇంట్లో నన్ను ఎవరూ కుర్చీలో కూర్చోమనలేదు. నేను కూర్చున్నాను. పద్మావతమ్మ గారు నాకు కాఫీ తెచ్చారు. యాడి ఖాళీ గ్లాసు కడిగి గోడ పక్కన బోర్లించి, కుంటుకుంటూ గదిలోకి పోయింది.

గదికి వెళ్లాక, "యాడీ, నేను ఆ మాట ఎందుకన్ననంటే..." అని మొదలుపెట్టాను.

"కూర సల్లగయితుంది. తిను" అంది.

తిన్నాను. సిగ్గున్నవాడైతే ముద్ద దిగేది కాదు. నాకు దిగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. "ఆ పుస్తకం ఒకసారి ఇవ్వు, చూసిస్తా" అన్నారు సారు. గదిలో ఉంది సార్, వెతికి ఇస్తా అన్నాను. మర్నాడు అడిగారు. పెట్టె అడుగున ఉంది సార్ అన్నాను. ఆ మర్నాడు పద్మావతమ్మ గారు, "అబ్బాయ్, నీ పుస్తకం దొరికిందా?" అన్నారు. ఈ సంజాయిషీలన్నీ పెరటి వైపు నిలబడే చెప్పేవాణ్ని, అన్నీ యాడి చెవిన పడేవి. ఆదివారం ఏదో పని ఉందని ఖమ్మం పోయి బస్టాండు దగ్గర పాత పుస్తకాలన్నీ తిరగేశాను. పంచాంగాలు ఉన్నాయి, టైపు నేర్చుకునే పుస్తకాలు ఉన్నాయి, నాటు కోళ్ల పెంపకం ఉంది. చేపల మీద ఒక్కటీ లేదు. కోళ్ల పుస్తకానికి వేరే అట్ట వేస్తే ఎలా ఉంటుందా అని కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. తర్వాత తేలు కుట్టిన దొంగలాగా ఇంటికొచ్చాను.

యాడి వచ్చిన రెండో వారం ఆఖర్లో చెంచురామయ్య గారు వచ్చారు. ఆయన సారుకు స్నేహితుడు, ముదిగొండ దగ్గర రైసుమిల్లు. ఆయనకూ ఇలాంటి తొట్టే ఉంది, అందులోనూ చేపలు చంపుకుంటున్నాయి. సారు నా గొప్ప ఆయన దగ్గర ముందే చెప్పి ఉన్నారు. పుస్తకం చూడనిదే కదలనన్నాడాయన.

"పదండి, వాడి గదిలోనే చూద్దాం. వెతుకుతున్నా వెతుకుతున్నా అంటాడు గానీ" అన్నారు సారు. నేను అడ్డం చెప్పేలోపు ఇద్దరూ పెరట్లోకి నడిచారు. వెనక పద్మావతమ్మ గారు. అందరి వెనక నేను.

గదిలో ఏముంది? ఒక రేకు పెట్టె, ఒక చాప, దండెం మీద రెండు ప్యాంట్లు. పెట్టె మూత తెరిచే ఉంది, అందులో బట్టలు తప్ప ఏమీ లేవు. సారు లోపలికి తొంగి చూసి నా వైపు తిరిగారు.

"ఏదయ్యా?"

పుస్తకం లేదని తేలితే అబద్ధాలకోరునవుతాను, పోస్టు పోతుంది. ఉందనడానికి పుస్తకం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. యాడి గది బయట మూడు రాళ్ల పొయ్యి మీద కాలు కడుక్కోవడానికి నీళ్లు కాస్తోంది. మా వైపు చూడకుండానే లేచి నిలబడింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, చేతులు రెండూ జోడించింది.

"సారూ, ఆ పుస్తకం నేనే పొయ్యిల పెట్టిన."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తెలుగు మాట్లాడటం సారు వాళ్లు అప్పుడే మొదటిసారి విన్నారు.

"కట్టె పచ్చిగుండె సారూ, అంటుకోలే. పెట్టెల కాయితాల కట్ట ఉంటే, పనికిరానిదనుకోని చింపి పెట్టిన. పోరడు రోజూ దేవులాడుతుండు, నేను భయపడి చెప్పలే. అండ్ల ఏమున్నదో నాకేమెరుక? సదువురానిదాన్ని. ఆని తప్పు లేదు సారూ."

"అయ్యో అయ్యో!" అన్నాడు చెంచురామయ్య గారు. "కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టయింది గదండీ!"

పద్మావతమ్మ గారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. సారు కూడా నవ్వేశారు. మా యాడి కూడా నవ్వింది, వాళ్లతో పాటే, చేతులు జోడించే ఉంచి.

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ నవ్వులో నేను ఒక్క అడుగు ముందుకేసి, సార్, పుస్తకం లేదు, ఈమే నాకు చెప్పింది అనొచ్చు. నోరు పెగల్లేదని రాస్తే అబద్ధమవుతుంది. నోరు బాగానే పెగిలింది.

"పోనీలేవయ్యా, మీ అమ్మనేమీ అనకు. తెలియక చేసింది" అన్నారు సారు, నా భుజం తట్టి.

"సరే సార్" అన్నాను.

చెంచురామయ్య గారు అంత తేలిగ్గా వదల్లేదు. "సరే, బుక్కు పోయింది. చదివింది గుర్తుందిగా, చెప్పు" అని గుమ్మం దగ్గర స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. నేను చేతులు కట్టుకుని ఆమె మాటలన్నీ ఆమె ముందే అప్పజెప్పాను. రాళ్లన్నీ తీసెయ్యాలి. ఇళ్లు రెండు ఎక్కువ ఉండాలి. నడుమ చాటు పెట్టాలి. యాడి పొయ్యి ముందు వంగి ఊదుతోంది.

"మరి పాత చేపని ఎప్పుడు వదలాలి? ముందా, వెనకా?" అన్నాడాయన.

అంత తెలిసిన సంగతి, ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. తలలో ఏమీ లేదు. యాడి పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగుతూ, నిప్పుతో అంటున్నట్టు మా బాసలో ఒక్క మాట అంది. ఆఖరికి, అని.

"ఆఖరికి సార్" అన్నాను.

"ఏంటంటోందామె?"

"నీళ్లు కాగినయంటుంది సార్."

చెంచురామయ్య గారు తృప్తిగా తల ఊపాడు. సారు ఆయనతో గర్వంగా, "చెప్పానా! మా వాడు అక్షరం మరిచిపోడు. జూన్‌లో లాబ్‌లో వేస్తున్నా" అన్నారు. అలా నా కొలువు ఖాయమైంది, మా యాడి పొయ్యి ముందు. వాళ్లు వెళ్లాక ఆమె నీళ్లు దించి, కట్టు విప్పి, కాలు కడుక్కుంది. నేను నీళ్లు పోస్తానన్నాను. వద్దంది. కోపంతో కాదు, చొక్కా తడుస్తుందని.

మర్నాడు ఆమెను తండా బస్సు ఎక్కించడానికి బస్టాండుకు తీసుకెళ్లాను. ఆ రోజు చుట్టూ ఎవరున్నారో నేను చూడలేదు. క్షమించమని అడగాలని ఇంటి దగ్గర నుంచి మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. బస్సు వచ్చింది. మూట కిటికీలోంచి సీటు మీద పెట్టాను. ఆమె మెట్టు మీద కాలు పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగింది.

"బేటా, ఆ పుస్తకం ఎంత మందముండె?"

నాకు అర్థం కాలేదు. ఆమె మొహంలో వెటకారమేమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే నాకు బాగుండేది.

"మళ్ల దవాఖానకు వచ్చినప్పుడు ఆ సారు అడిగితే? నేనొకటి జెప్పి నువ్వొకటి జెప్తే ఎట్ల? నీ కొలువు సంగతి. ఎంత మందం?"

కూడబలుక్కున్న మాటలన్నీ నా నోట్లోనే ఉన్నాయి. నేను చెయ్యి ఎత్తి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రెండు వేళ్ల ఎడం చూపించాను.

"గింత" అన్నాను.

"అట్ట ఏం రంగు?"

"నీలి."

"గింత మందం. నీలి అట్ట" అని తనలో తాను రెండుసార్లు అనుకుని, నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి కొలత సరిచూసుకుంది. తర్వాత ఆ రెండు వేళ్ల ఎడం చెదరకుండా ఒక చేత్తో అలాగే పట్టుకుని, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని బస్సెక్కింది.